అద్దానికి వీపు పెట్టిన కుర్చీ

పాలు పొంగే వేళకి కుర్చీ వంటింట్లోకి వచ్చేసేది. "జరుగమ్మా, కాళ్లకడ్డం" అని అత్తగారు దాన్ని మోకాలితో నెట్టి టీ వడకట్టేది. పార్లర్ మూసేస్తూ ఓనరమ్మ, అక్కడ జుట్టు కత్తిరించే కత్తెరక్కకి ఇచ్చిన కుర్చీ అది. పని లేక దానికి కాలు నిలవదు. కత్తెరక్కకీ అంతే.

కత్తెరక్కకి ఒక అలవాటు. వచ్చినవాళ్లను అద్దానికి వీపు పెట్టి, కిటికీ వైపు కూర్చోబెడుతుంది. వీధి చూస్తూ కబుర్లు చెప్పాలి, అంతా అయ్యాకే అద్దం. లేకపోతే తమ మొహంలో వంకలే వెతుక్కుంటారట.

ఇప్పుడు సొంతంగా పార్లర్ పెట్టుకోవాలి. దారులు రెండు. ఫ్రాంచైజీ అంటే పేరున్న కంపెనీ బోర్డు మన గుమ్మానికి తగిలించుకోవడం: పేరూ పద్ధతీ వాళ్లవి, చాకిరీ మనది. టర్న్‌కీ అంటే ఎవరో అన్నీ అమర్చి తాళంచెవి చేతిలో పెట్టడం; ఆపైన మునిగినా తేలినా మనమే. దాచుకున్నది ఒక్కదానికే సరిపోతుంది.

"పేరున్నదే తీసుకో," అన్నాడు బస్సు నడిపే మొగుడు. "నీ మొహం చూసి ఎవరొస్తారే?"

"నీ మొహం చూసి బస్సెక్కుతున్నారా ఏంటి?"

"లేదు, బోర్డు చూసి. నేను చెప్పేదీ అదే."

ఆమె కంపెనీ షాపుకి బయల్దేరితే కుర్చీ కూడా బస్సెక్కింది. కండక్టరు దానికీ టికెట్ కొట్టాడు.

"బావుంది గానీ మా మోడల్ కాదు మేడమ్," అంటూ కంపెనీ అమ్మాయి కుర్చీని అద్దం వైపు తిప్పింది. అది మెల్లగా కిటికీ వైపు తిరిగింది. మళ్లీ తిప్పింది. మళ్లీ తిరిగింది. "కస్టమర్ అద్దమే చూడాలి మేడమ్. అన్ని బ్రాంచీల్లోనూ అంతే."

"మరి కబుర్లు?"

"ఏం మాట్లాడాలో మేమే రాసిస్తాం."

అక్కణ్ణించి టర్న్‌కీ షాపుకి వెళ్లారు. అక్కడా కుర్చీలన్నీ అద్దాల వైపే. "బోల్టులు బిగించేశాం, చస్తే కదలవు," అన్నాడు కట్టించినాయన గర్వంగా. ఆమె ఉసూరుమంటూ లేచింది. కుర్చీ మాత్రం ఎంత లాగినా బయటికి రాలేదు.

"ఉండనీండమ్మా, రేపు పట్టుకెళ్దురు గాని."

తెల్లారి ఆయనే ఫోన్ చేశాడు. "మీ కుర్చీ ఏం చెప్పిందో ఏమో, మావన్నీ అద్దాలకి వీపు తిప్పేశాయి. బోల్టులు అరుగు మీద వరసగా పెట్టున్నాయి. అయితే, తీసుకుంటున్నట్టేనా?"

ఆమె వెళ్లి తాళంచెవి అందుకుంది. తన కుర్చీ కిటికీ పక్కన నిలబడి ఉంది. చెయ్యేసి ఊపి చూసింది. కదల్లేదు. అన్నేళ్లలో మొదటిసారి అందులో తనే కూర్చుంది.

బయట మొగుడి బస్సు ఆగింది. బస్సు కిటికీల్లోంచి జనం ఆమెనే చూస్తున్నారు. గుమ్మం మీద బోర్డు ఇంకా ఖాళీ. ఒకావిడ బస్సు దిగి, జుట్టు సవరించుకుంటూ, తిన్నగా లోపలికి వచ్చింది.