దుప్పట్లు ఆరేసిన రోజు

తడి దుప్పటి పిండాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు ఈ కొస, ఒకరు ఆ కొస పట్టుకుని ఎదురెదురుగా మెలితిప్పితే నీళ్ళు ధారకడతాయి. మా ఇంట్లో ఆ రెండో మనిషి ఒక ఇనప కొక్కెం. కట్టెల షెడ్డులో స్తంభానికి కొట్టి ఉంటుంది. దుప్పటి ఒక కొస దానికి ముడేసి, రెండో కొస పట్టుకుని నేను మెలితిప్పుకుంటూ వెనక్కి వెనక్కి నడుస్తాను. కొక్కెం ఇంతవరకూ అలిసిపోయానని అనలేదు, ఫోనొచ్చిందని మధ్యలో వదిలేసి పోలేదు. ఈ ఇంట్లో నాతో అంత సఖ్యంగా పనిచేసేది అదొక్కటే.

మాది అభయారణ్యం అంచున, కొండవాలు మీద, నాలుగు గదుల హోమ్‌స్టే. మా ఆయన గైడు. లైసెన్సున్న గైడు, పేరున్న గైడు. అతిథులు ఆయన్ని కొండ గురువు అంటారు. పొద్దున్నే వాళ్ళని అడవిలోకి తీసుకెళ్ళి సాయంత్రానికి తీసుకొస్తారు. ఈ మధ్యలో నాలుగు గదులూ ఎనిమిది మంచాలూ పదహారు దుప్పట్లూ నావి. దుప్పట్లు తెల్లవే ఉండాలి, తెలుపైతేనే శుభ్రంగా ఉన్నట్టు అతిథులకి నమ్మకం. ప్రతి గదిలో అద్దం పక్కన ఒక అట్ట వేలాడుతుంది. 'నీరు ఈ కొండకి ప్రాణం. దుప్పటి రోజూ మార్చమని అడగకండి.' ఆ మాటలు నేను రాసినవే, కింద సంతకం ఆయనది. అతిథులు ఆ అట్టని ముచ్చటగా ఫొటో తీసుకుని, బయటికొచ్చి, "దుప్పటి కాస్త నలిగిందండీ, వేరేది వేస్తారా" అంటారు. వేస్తాను. వెయ్యక చస్తానా.

పిండేటప్పుడు చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి. నేను మాత్రం అక్కడ ఉండను. దుప్పటి మెలిక బిగుసుకునేసరికి పై పచ్చికలో ఉంటాను. మా ఇంటి వెనకాల వాలు మీదుగా, రాళ్ళ మధ్యనించి రెండు గంటలు ఎక్కితే వస్తుంది ఆ పచ్చిక. నేను వెళ్ళింది ఒక్కసారే, పెళ్ళయిన కొత్తలో, పదకొండేళ్ళ కిందట. గడ్డి నిండా నీలం పూలున్నాయి, చిటికెన వేలి గోరంత పూలు. అడుగేస్తే తొక్కేస్తానేమోనని మునివేళ్ళ మీద నడిచాను. ఇంతలో మంచు కమ్ముకొచ్చింది. ఆయన ముందు నడుస్తూ కొండల వయసు గురించి ఏదో చెబుతున్నారు, మాట వినిపిస్తోంది గానీ మనిషి కనిపించట్లేదు. ఆ తెల్లటి మసకలోంచి నాకు పది అడుగుల దూరంలో ఒక కొండమేక తల తేలింది. దాని కాళ్ళ మధ్య పిల్ల ఉంది. ఒళ్ళంతా ఇంకా తడిగా ఉంది, పుట్టి గంట కూడా అయ్యుండదు. లేవబోతుంది, ముందుకాళ్ళు జారి కూలబడుతుంది. తల్లి నన్ను చూసింది. పారిపోలేదు, పిల్ల లేవలేకపోతోంది కాబట్టి పారిపోలేకపోయింది. దాని డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. నాకు ఏడుపొచ్చింది. ఎందుకో వాటి ఇంట్లోకి చెప్పకుండా జొరబడ్డట్టు సిగ్గేసింది. చప్పుడు చెయ్యకుండా వెనక్కి వెనక్కి నడిచి, అలాగే కొండ దిగిపోయాను.

ఆయన కిందికొచ్చి, "ఏమోయ్, అప్పుడే అలిసిపోయావా?" అని నవ్వారు. చెప్పబోయాను. ఆయన అప్పటికే బూట్ల లేసులు విప్పుకుంటున్నారు. ఈ పదకొండేళ్ళలో అది అతిథులకి చెప్పే కథ అయింది. "మా ఆవిడ ఒక్కసారి ఎక్కిందండీ, సగంలోనే దిగొచ్చేసింది." అందరూ నవ్వుతారు. నేను టీ కప్పులు తీస్తూ నవ్వుతాను. ఆ మరుసటేడే అటవీశాఖవాళ్ళు మేకలు ఈనే మూడు నెలలూ పై దారి మూసేశారు. ఆ గేటుకి తాళం పడ్డ రోజున నేను మాత్రం లోపల్లోపల పండగ చేసుకున్నాను.

మూడో ఏడు నాకు జ్వరమొచ్చింది. పదిరోజులు మంచం దిగలేదు, దుప్పట్లు ఉతకలేదు, వాలు మీద తాళ్ళు ఖాళీగా ఊగుతున్నాయి. అప్పటిదాకా అక్కడే ఆరేసేదాన్ని, బోలెడంత ఎండ. ఐదోరోజు పొద్దున కిటికీలోంచి చూద్దును కదా, మేకలు! పైనుంచి దిగొచ్చి, మా రాతిగోడ దాకా వచ్చి, వాగులో నీళ్ళు తాగుతున్నాయి. పిల్లలు గోడ మీదికీ కిందికీ గెంతుతున్నాయి. రోజూ వచ్చాయి. జ్వరం తగ్గి దుప్పట్లు ఆరేసిన రోజున మాయమైపోయాయి. అనుమానమొచ్చి మూడు వారాలు చూశాను. ఆరేసిన రోజున రావు, ఆరెయ్యని రోజున వస్తాయి. వాలు మీద తెల్లగా రెపరెపలాడేది ఏమిటో వాటికేం తెలుసు, పాపం.

అన్నం దగ్గర ఆయనకి చెప్పాను. "ఏమండీ, దుప్పట్లు చూసి మేకలు బెదురుతున్నాయండీ." ఆయన ఫోన్లోంచి తల ఎత్తకుండా "ఊఁ" అన్నారు. ఆ 'ఊఁ'కి అర్థం విన్నానని కాదు, అయిపోయిందా అని.

అందుకని నేనే షెడ్డులో తాళ్ళు కట్టుకున్నాను. కట్టెల మీదుగా, పొయ్యి పక్కగా, వంగి వంగి ఆరెయ్యాలి. ఎండలో రెండు గంటల్లో ఆరేది అక్కడ రెండు రోజులు పడుతుంది. నడుం పట్టేసింది, మోకాళ్ళు మాట్లాడ్డం మొదలుపెట్టాయి. దుప్పట్లకి పొగ వాసన వస్తోందని ఒక అతిథి రాస్తే, ఆయన నన్ను వంటగది గుమ్మంలో నిలబెట్టి, "పేరు తెచ్చేది నేను, పోగొట్టేది నువ్వు" అన్నారు. మా అత్తగారైతే రోజుకోసారి వరండాలోంచి కేకేస్తారు. "బయట అంత ఎండ పెట్టుకుని చీకటి కొట్టులో ఆరెయ్యడమేమిటే? నాలుగడుగులు నడవడానికి బద్ధకం కాకపోతే." ఆవిడే అతిథులతో, "మావాడు వాకిట్లో నిలబడితే చాలండీ, మేకలు పెళ్ళివారిలా దిగొస్తాయి" అంటారు. ఆయన కాదనరు. ఎనిమిదేళ్ళుగా ఆయన వరండాలో నిలబడుతున్నారు, మేకలు దిగొస్తున్నాయి. దుప్పట్లు ఎక్కడ ఆరుతున్నాయో ఆయన ఒక్కనాడూ అడగలేదు.

అటవీశాఖవాళ్ళు ఇచ్చిన పరిశీలన పుస్తకం ఒకటుంది. తేదీ, జంతువు, ఎన్ని, ఏం చేస్తున్నాయి, అన్నీ గైడు రాయాలి. ఆయన వచ్చి బూట్లు విప్పుతూ, "నిన్నటిదే రాసెయ్" అంటారు. నిన్నటిది ఇవాళ్టిదెలా అవుతుంది. కిటికీలోంచి నేను చూసింది రాస్తాను. తొమ్మిది మేకలు, మూడు పిల్లలు, ఒకదానికి ఎడమ కొమ్ము విరిగింది. ఆ పుస్తకం రాస్తున్నంతసేపూ నాకు హాయిగా ఉంటుంది. నేను కూడా పైనే ఎక్కడో ఆ మసకలో తిరిగి వచ్చినట్టుంటుంది. దుప్పట్ల గురించి రాయడానికి మాత్రం అందులో గడి లేదు.

ఈ ఏడు మొదట్లో ఆయన ఒక అర్జీ పెట్టారు. సెలవుల్లో జనం ఎక్కువ వస్తారు, ఆ మూడు నెలలూ కూడా పై దారి తెరవాలి అని. మేకలకి మనుషులంటే భయం పోయింది, గదులవాళ్ళూ వచ్చిపోయేవాళ్ళూ కలిసి మా వరండాలో ముప్పైమంది టీ తాగుతున్నా గోడ దాకా వస్తున్నాయి, కావాలంటే ఎనిమిదేళ్ళ పుస్తకం చూసుకోండి అని. అర్జీ శుద్ధప్రతి నాచేతే రాయించారు. రాస్తూ రాస్తూ ఆ వాక్యం దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. మేకలకి భయం పోలేదు. భయపెట్టేదాన్ని నేను దాస్తున్నాను. నడుం విరగ్గొట్టుకుని దాస్తున్నాను. నేను చేసిన చాకిరీ ఎవరికీ కనపడలేదు కాబట్టి, అది ఇప్పుడు ఆ తల్లుల మీద సాక్ష్యంగా తయారైంది.

"ఆ నెలల్లో పైన పిల్లలు పుడతాయండీ," అన్నాను. "పుట్టిన గంటలో అవి నడవలేవు. తల్లి వదిలి పోలేదు. జనం పోతే..."

"నువ్వెన్నిసార్లు ఎక్కావు పైకి?"

నేను కలం కింద పెట్టాను.

"సగంలో దిగొచ్చినదానివి, నాకు కొండ గురించి చెబుతావా," అన్నారు. కోపంగా కూడా కాదు, చిన్నపిల్లకి చెప్పినట్టు. "రాసెయ్. అర్జీ మీద విచారణకి కమిటీ వచ్చినప్పుడు నువ్వు టీ సంగతి చూసుకో చాలు."

కమిటీ వచ్చే ముందురోజు మధ్యాహ్నం షెడ్డులో పదహారు దుప్పట్లు తడిపి పెట్టుకుని కూర్చున్నాను. కట్టెల సందుల్లోంచి ఎండ గీతలుగీతలుగా పడుతోంది. ఆ గీతల్లో దుమ్ము మెల్లగా పైకి పోతోంది. దాన్ని చూస్తూ చూస్తూ నేను కూడా పైకి పోయాను. నీలం పూలు. మంచు. ఆ పిల్ల మళ్ళీ లేవబోతోంది, మళ్ళీ కూలబడుతోంది. ఈసారి దాని చుట్టూ ముప్పై జతల బూట్లు ఉన్నాయి. కళ్ళు తెరిచాను. నేనేం పెద్ద ఘనకార్యం చెయ్యక్కర్లేదనిపించింది. ఎనిమిదేళ్ళుగా దాస్తున్నది ఒక్క పూట దాచకుండా ఉంటే చాలు.

పొద్దున కమిటీవాళ్ళు ముగ్గురు వచ్చారు. ఇద్దరు మగవాళ్ళు, జంతువుల మీద చదువుకున్న ఒకావిడ. ఆవిడ కళ్ళజోడు అద్దాలు సీసా అడుగుల్లా ఉన్నాయి. అందరికీ టీ ఇచ్చాను. తర్వాత దుప్పట్ల గంప నడుం మీద పెట్టుకుని వాలు ఎక్కాను. ఎనిమిదేళ్ళ తర్వాత పాత తాళ్ళు తుడిచి, ఒక్కొక్క దుప్పటే విదిలించి వేశాను. భయం వేసింది. కానీ ఆ ఎండ నా వీపు మీద పడుతుంటే, గాలికి దుప్పట్లు ఉబ్బి మొహానికి తగులుతుంటే, ఇంత సుఖాన్ని ఇన్నాళ్ళు ఎలా వదులుకున్నానా అనిపించింది. మిగిలిన కాస్త పొద్దుటి మంచు కూడా విడింది. వాలంతా తెల్లగా పదహారు దుప్పట్లు, మధ్యలో నేను.

కింద వరండాలో ఆయన చెబుతున్నారు. "ఇంకో ఐదు నిమిషాలండీ. మనుషులు అలవాటైపోయారు వాటికి."

మేకలు వచ్చాయి. పై రాళ్ళ మీద వరసగా తలలు లేచాయి. విరిగిన కొమ్ముది ముందు నిలబడి చూసింది. అందరూ ఊపిరి బిగబట్టారు. ఒక దుప్పటి ఫటామని కొట్టుకుంది. అంతే, రాళ్ళు దొర్లిన చప్పుడు, ఆ తర్వాత ఖాళీ ఆకాశం. క్షమించండే తల్లుల్లారా అనుకున్నాను.

పావుగంట చూశారు, అరగంట చూశారు. ఆయన నా వైపు చూసి, "ఆ బట్టలు ఇవాళే ఆరెయ్యాలా?" అన్నారు, పళ్ళ బిగువున.

నేను నోరు తెరిచేలోపు అత్తగారు అందుకున్నారు. కోడలికి బుద్ధొచ్చిన సంతోషం ఆవిడది. "ఆరెయ్యనివ్వరా. ఎనిమిదేళ్ళుగా మొత్తుకుంటున్నాను, వినదే! ఎండ పెట్టుకుని ఆ చీకటి కొట్టులోనే పడేస్తుంది. ఇవాళ్టికి బయటేసింది, మీరొస్తున్నారని కాబోలు."

కళ్ళజోడు మేడమ్ కప్పు కింద పెట్టారు. "ఎనిమిదేళ్ళుగానా అమ్మా?" అని అడిగి, ఒళ్ళోని పరిశీలన పుస్తకం వెనక్కి తిప్పుకుంటూ పోయారు. మేకలు మొదటిసారి గోడ దాకా వచ్చిన తేదీ దగ్గర ఆగారు. దుప్పట్ల వైపు చూశారు. పుస్తకంలో చేతిరాత, కింద ఆయన సంతకం, మార్చి మార్చి చూశారు. అప్పుడు లేచి, సరాసరి వాలు ఎక్కి నా దగ్గరికొచ్చారు. "రోజూ ఎక్కడ ఆరేస్తారు? చూపిస్తారా?"

చూపించాను. ఆవిడ షెడ్డులో వంగి, తాళ్ళ కింద నడిచి, నడుం పట్టుకున్నారు. కొక్కెం చూసి, అదెందుకని అడిగారు. చెప్పాను. జ్వరం సంగతి చెప్పాను, మూడు వారాలు చూసిన సంగతి చెప్పాను, పదకొండేళ్ళ కిందట నేను కొండ ఎందుకు దిగొచ్చేశానో కూడా చెప్పాను. అది విన్న మొదటి మనిషి ఆవిడే. గుమ్మంలో ఆయన నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో తెలియదు.

"దుప్పటికే బెదిరేవి, మనుషుల్ని ఎలా తట్టుకుంటాయి," అన్నారు మేడమ్, ఆయనతోనే. "ఈనే నెలల్లో పై దారి తెరిచే మాట లేదండీ. నేను రాసేది అదే." పుస్తకం మాత్రం ఆయన చేతికి కాక నా చేతికిచ్చి వెళ్ళారు.

ఆ రోజు ఆయన అన్నం తనే వడ్డించుకుని తిన్నారు. అత్తగారు తను ఏమన్నారో అర్థంకాక, మా ఇద్దరి మొహాలూ చూసి చూసి పడుకున్నారు. సాయంత్రం దుప్పట్లు తీసి మడతపెడుతుంటే వాటికి ఎండ వాసన వచ్చింది. మొహం దాచుకుని కాసేపు అలాగే కూర్చున్నాను.

రెండోరోజు మళ్ళీ ఉతుకు. కొక్కేనికి దుప్పటి ముడేస్తుంటే షెడ్డు గుమ్మంలో చప్పుడైంది. ఆయన. తాళ్ళకి తల తగలకుండా వంగి లోపలికొచ్చారు. ఎనిమిదేళ్ళలో అక్కడికి ఆయన రావడం ఇది రెండోసారి, రెండూ ఆ వారంలోనే. అటూ ఇటూ చూసి, గొంతు సవరించుకున్నారు.

"రేపు అతిథులొస్తున్నారు. మేకలు రావాలి కదా. మళ్ళీ ఇక్కడే ఆరెయ్యి."

నేను కొక్కేనికి వేసిన ముడి విప్పాను. ఆ కొస తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. ఏం చెయ్యాలో తెలియక రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డారు. నీళ్ళు కారి చెప్పులు తడిశాయి. నేను రెండో కొస పట్టుకున్నాను. ఇన్నేళ్ళూ వెనక్కి వెనక్కి నడిచినదాన్ని, నిలబడ్డచోటే నిలబడి, "ఊఁ, తిప్పండి" అన్నాను.