పిన్ని ఎడమ చెయ్యి

ఆ రోజు చేయాల్సిన పనులు ఇవీ: ట్యాంకులో నెలల తరబడి నిలవున్న పెట్రోలు తీసేయడం. కార్బ్యురేటర్ విప్పి కడగడం. స్పార్క్ ప్లగ్ తుడవడం, కుదరకపోతే కొత్తది వేయడం. నీళ్ళ గొట్టం మొదట్లో ఉన్న జాలీలోంచి ఇసుక దులపడం. పాత ఇనుము కొనేవాడికి అమ్మ ఫోను చేయకుండా చూడడం. అన్నిటికీ మించి, పొద్దు వాలేలోగా మా పిన్ని ప్రెషర్ వాషర్‌ని మోగించడం.

పిన్ని బస్సులు కడుగుతుంది. మా వీధి చివర ప్రైవేటు బస్సుల షెడ్డు ఉంది. ఊళ్ళు తిరిగొచ్చిన బస్సుల బురద వదలగొట్టేది ఆవిడే. నీళ్ళని జోరుగా చిమ్మే ఆ పెట్రోలు యంత్రం ఆవిడ సొంతం. కడుపులో గడ్డకి ఆపరేషనై ఆవిడ మంచాన పడ్డన్నాళ్ళూ అది పెరట్లో గోనెపట్టా కప్పుకుని పడుకుంది. ఇప్పుడు పిన్ని లేచింది, అది లేవలేదు.

మెకానిక్ వచ్చి ఇంజిన్ స్టార్టు చేసే తాడు రెండు చేతులతో పట్టుకుని గుంజాడు. నాలుగైదుసార్లు గుంజేసరికి తాడు బిగుసుకుపోయింది. ఇంజిన్ పట్టేసింది, ఇనుము కింద అమ్ముకోవడానికి తప్ప ఇంక పనికిరాదన్నాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. వెళ్తూ వెళ్తూ, "నువ్వు కూడా ఇంక విశ్రాంతి తీసుకో అక్కా. ఇద్దరూ పాతబడిపోయారు" అన్నాడు.

ఆ మాట షెడ్డు దాకా పాకింది. సాయంత్రం వస్తాను, యంత్రం నడిస్తే సరే, లేకపోతే రేపట్నుంచి వేరేవాళ్ళు కడుగుతారని ఓనరు కబురు పంపాడు. అమ్మకి లోలోపల సంతోషమే, చెల్లెలు ఇంటిపట్టున ఉంటుందని. పిన్ని మాత్రం కబురు తెచ్చినవాడికి మంచినీళ్ళిచ్చి, రమ్మను అంది. తర్వాత నావైపు తిరిగింది.

"డిగ్రీ చదివావుగా. పట్టు స్క్రూడ్రైవరు."

నేను చదివింది చరిత్ర. మా ఇంట్లో డిగ్రీ దాకా వెళ్ళింది నేనొక్కదాన్నే కాబట్టి కరెంటు బిల్లు తప్పు పడినా, ఫ్యాను కీచుమన్నా, ఎవరికి చెవిపోటు వచ్చినా నన్నే పిలుస్తారు. ఈ మాట చెబితే పిన్ని నవ్వలేదు. కుట్ల మీద చెయ్యి పెట్టుకుని, పీట వేసుకుని పక్కనే కూర్చుంది. బరువులెత్తొద్దు, ఏదీ గుంజొద్దు అని డాక్టరు చెప్పారు. నోటిని ఆపమని మాత్రం చెప్పలేదు.

పాత పెట్రోలు డబ్బాలోకి వంచితే వార్నిషు వాసన కొట్టింది. కార్బ్యురేటర్ అడుగు గిన్నె నిండా జిగురు. మధ్యలో చిన్న ఇత్తడి ముక్క. ఇంజిన్‌కి పెట్రోలు అందేది అందులో ఉన్న చీమ కన్నంత బెజ్జంలోంచే. ఎండకెత్తి చూశాను, వెలుతురు రాలేదు. పాడైన చార్జరు వైరులోంచి రాగి పోగు ఒకటి లాగి మెల్లగా తిప్పుతూ పొడిచాను. మళ్ళీ ఎత్తి చూస్తే సూదిమొనంత సూర్యుడు కనిపించాడు. పిన్నికి చూపించాను. అమ్మ కూడా వచ్చి చూసింది.

అన్నీ బిగించి, కొత్త పెట్రోలు పోసి, కుళాయి గొట్టం తగిలించి తాడు లాగాను. ఒకసారి వచ్చింది. రెండోసారి వచ్చింది. మూడోసారి గోడకి కట్టేసినట్టు ఆగిపోయింది. వేళ్ళు కోసుకుపోయాయి.

"అతను చెప్పిందే నిజమన్నమాట. ఇంక వదిలెయ్యవే, ఒళ్ళు బాగుపడనీ. నిన్నిక్కడ ఎవరైనా తిండి పెట్టకుండా మాడుస్తున్నారా?" అంది అమ్మ.

పిన్ని లేచింది. "తిండి సంగతి కాదక్కా. నేను మానేసిన రోజున మానేస్తాను. వాడెవడు చెప్పడానికి?"

ఆ కోపంలోనే నేల మీదున్న, గొట్టం చివర నీళ్ళు చిమ్మే గన్ ఎడమ చేత్తో అందుకుంది. ఎవర్ని తలుచుకుందో తెలీదు గానీ, గోడకేసి గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కింది. పిడికెడు నీళ్ళు చివ్వున ఎగజిమ్మి ఆగిపోయాయి.

నా చేతిలో తాడు వదులైంది.

పిన్ని తన ఎడమ చేతిని ఎవరిదో అన్నట్టు చూసుకుంది. ఇన్నేళ్ళూ ఆవిడ కుడిచేత్తో తాడు లాగుతూ ఎడంచేత్తో గన్ నొక్కి పట్టుకునేది. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆవిడా ఆలోచించలేదు. గన్ మూసి ఉంటే, తాడు లాగిన ప్రతిసారీ పంపులో నీళ్ళ ఒత్తిడి పేరుకుని ఇంజిన్ని తిరగనివ్వదు. మెకానిక్ రెండు చేతులూ తాడుకే పెట్టాడు. నేనూ అంతే. ఇంజిన్ పట్టెయ్యనే లేదు.

"నేను నొక్కి పట్టుకుంటా. నువ్వు లాగు."

లాగాను. దగ్గింది. మళ్ళీ లాగాను. నల్లటి పొగ కక్కి, పెరడు దద్దరిల్లేలా మోగింది. అమ్మ చెవులు మూసుకుంది, ఎదురింటివాళ్ళు కిటికీలు మూసుకున్నారు. పిన్ని గోడ మీద పాచిని ఒక చివర్నుంచి చీల్చుకుంటూ పోయింది.

ఓనరు వచ్చేసరికి సగం గోడ తెల్లబడింది. ఆరోగ్యం ముఖ్యమనీ, ఇంకొన్నాళ్ళు ఆగితే మంచిదనీ, వేరేవాళ్ళకి దాదాపు మాటిచ్చేశాననీ ఆ మోతలోనే అరిచి చెప్పాడు. పిన్ని ఇంజిన్ ఆపి ట్రిగ్గర్ వదిలింది.

"మీరిచ్చిన గడువు సాయంత్రం దాకా. ఇంకా పొద్దుంది. యంత్రానికి బస్సు పంపిస్తారా, నన్నే తోసుకుంటూ షెడ్డుకి రమ్మంటారా?"

ఆయన బస్సు పంపించాడు. తాడు లాగడానికి నేనూ షెడ్డుకి వెళ్ళాను, కుట్లు పూర్తిగా మానేదాకా రోజూ వెళ్ళాను. ఒకసారి మెకానిక్ అటుగా పోతూ ఆగి, పట్టేసిన ఇంజిన్ ఎలా వదిలిందని అడిగాడు.

"నువ్వన్నట్టే విశ్రాంతి తీసుకున్నాం కదా, ఇద్దరం" అంది పిన్ని.

మీరెప్పుడైనా బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నప్పుడు, అద్దం మీద బురద చుక్క లేకుండా బయటి చెట్లు తేటగా కనిపిస్తే, దాన్నెవరో నిలబడి కడిగారని గుర్తుంచుకోండి. ఎడమ చేత్తో గన్ నొక్కి పట్టుకుని లాగమనే మా పిన్నిని ఒక్కసారి తలుచుకోండి.