గోడవార కుర్చీ

అతని భార్యను లేసు గదిలోని ఆడవాళ్ళే చంపారు. కిటికీ పక్కనున్న ఆమె కుర్చీని గోడవారకు తోసి, ఆ చెమ్మలో, ఆ మసక చీకట్లో కూర్చోబెట్టి చంపారు. ఈ విషయం మీద అతను ఎవరితోనూ వాదించడు. పొద్దు ఏ దిక్కున పొడుస్తుందని ఎవరైనా వాదిస్తారా?

తరిమెన మీద చెక్క తిరుగుతోంది. కుడికాలు తొక్కుతోంది, చేతులు ఉలిని ఆనించి పట్టుకున్నాయి. పొట్టు సన్నగా లేచి ముంజేతి వెంట్రుకల్లో చిక్కుకుంటోంది. వేలెడు పొడుగు కండె, నడుము సన్నం, తల గుండ్రం. లేసు దారాన్ని దీనికే చుడతారు. ఒక్కో దిండు మీద ఇలాంటివి గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటాయి. ఆడవాళ్ళు వాటిని జతలుగా పట్టుకుని, ఒకదాని మీదుగా ఒకటి దాటిస్తూ, మెలిపెడుతూ, దిండుకు గుచ్చిన గుండుసూదుల చుట్టూ దారాన్ని నడిపిస్తారు. భార్యను చంపినవాళ్ళకే కండెలు చేసిపెట్టడమేమిటని అడిగితే అతని దగ్గర జవాబుంది. కండెలు ఇంకెవరికి కావాలి?

రాత్రి మిగిలింది తిని, మొహం కడుక్కుని, చొక్కా వేసుకున్నాడు. దానికి పైబొత్తాం లేదు. భార్య బతికుండగానే ఊడింది. కుట్టమంటే రేపు, రేపు అంటూ కుట్టకుండానే పోయింది. ఆమె మీద అతనికున్న కోపాల్లో అదొకటి. సాయంత్రాలు దీపం వెలిగించకుండా కూర్చునేది, అదింకొకటి. బయటినుంచి వచ్చి గుమ్మంలో కాలు తట్టుకుని ఎన్నిసార్లు తిట్టాడో. "చీకటైతే చీకటని తెలీదా నీకు?" అంటే, "మర్చిపోయాను" అనేది.

సంచి భుజాన వేసుకుని బయలుదేరాడు.

లేసు గది వీధి చివర, పాత గిడ్డంగి వెనక ఉంది. పొడుగాటి గది, దానికి ఒక్కటే కిటికీ. కుర్చీలన్నీ పొట్టివి. కూర్చుంటే మోకాళ్ళు నడుము కంటే ఎత్తున ఉండాలి. అప్పుడే దిండు ఒళ్ళోకి వాలి, దాని బరువు ఎదురుగా ఉన్న ముక్కాలిపీట మీద ఆనుతుంది. ఎవరి కుర్చీ వాళ్ళ కొలతకే చేసినది. అక్కా చెల్లెళ్ళు కూడా ఒకరి కుర్చీలో ఇంకొకరు కూర్చోలేరు. కూర్చుంటే పూటకల్లా నడుము పట్టేస్తుంది.

చోట్లకు ఒక వరస ఉంది. కొత్తగా చేరినామె గోడవార, వెలుతురు చివర కూర్చోవాలి. పైన ఎవరైనా పని మానేస్తే అందరూ లేచి, కుర్చీ ఎత్తుకుని, ఒక్కో చోటు ముందుకు జరుగుతారు. అలా జరుగుతూ జరుగుతూ కిటికీ దగ్గరకి చేరేసరికి జుట్టు నెరుస్తుంది. కిటికీ దగ్గర నేలలో కుర్చీ కాళ్ళు తొలిచిన గుంటలున్నాయి, చిన్న దొన్నెల్లా. ఎవరూ వాటిని పూడ్చరు. ఆ గుంటల్లో కుర్చీ వేసుకోవడమంటే ఈ పనిలో అంతకు పైన ఇంకేమీ లేదని.

అతని భార్య ఆ గుంటల్లో కూర్చుంది. పెళ్ళైన కొత్తలో గోడవార మొదలుపెట్టి అక్కడిదాకా చేరింది. ఒకరోజు అతను కుర్చీలు బాగుచెయ్యడానికి వచ్చేసరికి ఆమె మళ్ళీ గోడవార ఉంది. కిటికీ దగ్గర, ఆ గదిలో అందరూ పెద్దక్క అని పిలిచే ఆమె ఉంది. ఎవరు జరిపారని అడిగాడు. ఆమె తలెత్తకుండా, "వాళ్ళే జరిపారు" అంది. అతను గది మధ్య నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాడు. ఒక్కతె మారు మాట్లాడలేదు. అందరూ తలలు దిండ్లలోకి వంచుకున్నారు. తప్పు చెయ్యనివాళ్ళు తలలెందుకు వంచుకుంటారు? ఆ వానాకాలం దగ్గు పట్టుకుంది. అది ఆమెను తీసుకుని గానీ పోలేదు.

అప్పటినుంచి ఆ గదిలో అన్ని కుర్చీలూ బాగుచేస్తాడు, పెద్దక్క కుర్చీ తప్ప. దాని వెనక కాలు అరిగి పొట్టిదైంది. ఆమె కదిలినప్పుడల్లా కుర్చీ ఊగుతుంది. కాలి కింద మడతపెట్టిన గుడ్డముక్క ఒకటి పెట్టుకుని నెట్టుకొస్తోంది. ఆమె ఎన్నడూ అడగలేదు. మిగతావాళ్ళు అడిగితే, "దానికి సరిపడా చెక్క దొరకలేదు" అంటాడు. చెక్కతోనే బతికేవాడు చెక్క దొరకలేదంటే అర్థమేమిటో వాళ్ళకు తెలుసు. వెనకాల అతన్ని మేకు అంటారు. అది అతనికీ తెలుసు.

గుమ్మం దగ్గరే కండెల టకటక వినిపించింది.

"వచ్చాడమ్మా అన్నయ్య! ఇక నవ్వకండే ఎవరూ, ఆయనకి పడదు," అంది వాగుడుకాయ. గదిలో అందరికంటే లావు ఆమె, అందరికంటే ఎక్కువ మాట్లాడేదీ ఆమే. "అన్నయ్యా, ముందు నాది చూడు. ఈ కుర్చీ రోజురోజుకీ నన్ను కిందకి దింపేస్తోంది."

"కుర్చీ దింపట్లేదు. నువ్వే ఒళ్ళు పెంచావు."

"ఒళ్ళు కాదన్నయ్యా, కష్టాలు. అన్నీ వచ్చి నడుం దగ్గరే మకాం పెట్టాయి."

అందరూ నవ్వారు. అతను నవ్వలేదు. సంచి దించుతూ కిటికీ వైపు చూశాడు. ఆ గుంటల్లో వేరే కుర్చీ ఉంది. అందులో కళ్ళద్దాలామె కూర్చుని ఉంది. అతను గది ఆ చివరిదాకా చూశాడు. గోడవార, వెల్లలో చెమ్మ మరకలు దేశపటంలా పరుచుకున్న చోట, సరిగ్గా తన భార్య కూర్చున్న చోట, పెద్దక్క తన ఊగే కుర్చీలో కూర్చుని కండెలు దాటిస్తోంది.

ఎన్నో ఏళ్ళ తర్వాత అతనికి నోరు తీపెక్కింది. పెద్దక్కతో మాట్లాడడు గనక వాగుడుకాయతో అన్నాడు.

"ఏంటి, మహారాణిగారు సింహాసనం దిగారా?"

దేనికైనా నవ్వే వాగుడుకాయ దీనికి నవ్వలేదు. "నా కుర్చీ చూడన్నయ్యా," అంది మెల్లగా.

ఆమె కుర్చీ తిరగేసి, వదులైన అడ్డకర్రను ఊడదీసి, జిగురు పెట్టి బిగించాడు. మరొకామె ముక్కాలిపీటకు కొత్త కాలు వేశాడు. పని చేస్తున్నంతసేపూ గోడవారకే చూస్తున్నాడు. పెద్దక్క చేతులు ఎప్పటిలాగే నడుస్తున్నాయి. మొహంలో ఏమీ లేదు. కాస్తయినా ఏడిస్తే బాగుండుననిపించింది.

మధ్యాహ్నం పెద్దక్క కోడలు అన్నం గిన్నె పట్టుకుని వచ్చింది. అలవాటుగా కిటికీ దగ్గరికి నడిచి, అక్కడ ఆగిపోయి, చుట్టూ చూసింది.

"అత్తా! అక్కడ కూర్చున్నావేంటి? ఎవరు జరిపారు నిన్ను?"

పెద్దక్క తలెత్తలేదు. "వాళ్ళే జరిపారే," అంది.

అతని చేతిలో సుత్తి ఆగింది.

కోడలు గిన్నె కింద పెట్టి, కొంగు నడుముకి దోపి, కళ్ళద్దాలామె వైపు తిరిగింది. "ఏం పిన్నీ, మీకసలు మనసుందా? ముసలిదాన్ని తీసుకెళ్ళి ఆ చెమ్మగోడకి తగిలిస్తారా? మీలో సగంమందికి చేతులు పట్టుకుని పని నేర్పింది గదా! రేపు మీకూ ఇదే గతి పట్టకపోతే నన్నడగండి!"

ఒక్కతె మారు మాట్లాడలేదు. కళ్ళద్దాలామె తల దిండులోకి వంచింది. వాగుడుకాయ, నోరు తెరిస్తే మూతపడని వాగుడుకాయ, పెదవి కొరుక్కుంటూ ఒకే సూదిని పీకి గుచ్చుతోంది. అందరూ తలలు వంచుకున్నారు. ఆ వంగిన తలల్ని అతను ఇంతకుముందొకసారి చూశాడు. అప్పుడు తిడుతున్నది తను.

కోడలు అతని వైపు తిరిగింది. "చూశారా మావయ్యా? మీ ఇంట్లో అత్తమ్మకీ ఇలాగే చేశారుగా వీళ్ళు!"

అతను సుత్తి కింద పెట్టాడు. కోడలు కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

"తమ్ముడూ," అంది పెద్దక్క.

అతను తిరగలేదు.

"నీతోనే. నాకు కండెలు కావాలి. తలకి కిందుగా గాట్లు పెట్టు. కొన్నిటికి ఒకటి, కొన్నిటికి రెండు. మీ ఇంటామెకి పెట్టావు చూడు, అట్లా."

"ఈ వయసులో సోకులా?" ఆ మాట దానంతటదే వచ్చింది. భార్య అడిగినప్పుడూ ఇదే అన్నాడు.

"ఆ, సోకులే అనుకో," అంది పెద్దక్క. భార్యా ఇదే అంది.

అప్పుడు అతను తిరిగి ఆమెను చూశాడు. బొటనవేలు సూదిని వెతుకుతోంది. పక్కకు పోయి, వెనక్కి వచ్చి, సూది తల తగిలాక ఆగింది. మొహం అతనివైపే ఉంది గానీ చూపు అతని భుజం పక్కనుంచి ఎటో పోయి ఆగింది. అక్కడ ఉన్నది గోడ. చూపు పోయినవాళ్ళకి కిటికీ ఎందుకు? చూపున్నవాళ్ళకి వదిలి లేచిపోతారు. ఎవరూ జరపరు. తామే కుర్చీ ఎత్తుకుని వస్తారు. ఇంట్లో నిజం చెబితే ఇంట్లోనే కూర్చోబెడతారు గనక, వాళ్ళే జరిపారంటారు. ఆ "వాళ్ళు" తలలు వంచుకుని తిట్లు తింటారు.

సంచి సర్దుకున్నాడు. పని సగంలో ఉంది. ఎవరూ ఆపలేదు.

ఇంటికొచ్చి, అలమరలో గుడ్డలో చుట్టి ఉన్న భార్య కండెలు దించాడు. ఆమె పోయాక మూట విప్పడం ఇదే మొదటిసారి. కళ్ళు మూసుకుని ఒకటి పట్టుకున్నాడు. బొటనవేలి కింద ఒక గాటు. ఇంకొకటి, రెండు గాట్లు. చీకట్లో ఏది ఏ జతో చేతికి తెలుస్తోంది. ఆ గాట్లు తన ఉలి పెట్టినవే. విసుక్కుంటూ పెట్టాడు.

బొత్తాం లేని మెడ దగ్గర చెయ్యి ఆగింది. సూదిలోకి దారం ఎక్కించలేని మనిషి రేపు, రేపు అనక ఏమంటుంది? దీపం ఉన్నా లేకపోయినా ఒకటే అయిన మనిషికి చీకటి పడిందని ఎలా తెలుస్తుంది?

నాతో ఎందుకు చెప్పలేదు అనుకున్నాడు. దానికి జవాబు వెతకనక్కర్లేదు. చెప్పి ఉంటే ఆ రోజే దిండు అటకెక్కించేవాడు. పొయ్యి పక్కన కూర్చోమనేవాడు. అది మంచికే చేసేవాడు. ఆమె ఆ మంచిని నమ్మలేదు. ఆ గదిలో ఆడవాళ్ళను నమ్మింది గానీ కట్టుకున్న మొగుణ్ణి నమ్మలేదు. అందుకు ఆమెను క్షమించలేదు. తనను క్షమించుకోవడం గురించి ఆలోచించలేదు, అది అతనికి రాని పని.

అన్నిటికంటే కష్టమైనది వేరే ఉంది. ఇన్నేళ్ళూ ఆ పగతోనే పొద్దున లేచాడు, ఆ పగ పక్కనే పడుకున్నాడు. అది పోతే ఇంట్లో ఏముంది? ఒక తరిమెన, కొంచెం పొట్టు.

కాలు తొక్కడం మొదలుపెట్టింది. కండె మీద కండె తీశాడు. గాట్లు లోతుగా, వేలికి స్పష్టంగా తగిలేలా పెట్టి, అంచులు గుచ్చుకోకుండా గరుకు కాగితంతో రుద్దాడు. తర్వాత గట్టి చెక్కముక్క ఒకటి ఏరి, కుర్చీ కాలికి అతుకు కోశాడు. సరిపడా చెక్క మొదటినుంచీ ఆ మూలనే ఉంది.

గది చేరేసరికి కిటికీలోంచి ఎండ దిగిపోయింది. ఇంకా దిండ్లకు గుడ్డలు కప్పే వేళ కాలేదు, అయినా అన్ని దిండ్లూ కప్పి ఉన్నాయి. ఆడవాళ్ళు గోడల వెంట నిలబడి ఉన్నారు. గోడవార దిండు ఒక్కటే తెరిచి ఉంది. కుర్చీ ఖాళీ.

"నిద్రపోతోందనుకున్నాం అన్నయ్యా," అంది వాగుడుకాయ. "అన్నం తిని కాస్త వాలింది. కండెల చప్పుడు ఆగిందన్న సంగతి కూడా... అక్కడినుంచి ఎవరికీ వినపడదు కదా. ఇందాకే ఇంటికి తీసుకెళ్ళారు."

అతను తలాడించాడు. జేబులో కండెలు ఒకదానికొకటి తగిలి చిన్నగా మోగాయి. వాటిని బయటికి తియ్యలేదు.

కోడలు మళ్ళీ వచ్చింది, అత్త వస్తువుల కోసం. జుట్టు రేగిపోయి ఉంది. ఎవరి మొహమూ చూడకుండా గిన్నె తీసుకుంది. గుమ్మం దాకా పోయి, వెనక్కి తిరిగి, నేరుగా అతని దగ్గరికి వచ్చింది.

"మావయ్యా, మీరు చెప్పండి. మీ నోటితో చెప్పండి. వీళ్ళే చంపారు కదా?"

గదిలోని చూపులన్నీ అతని మీదే ఆగాయి. కళ్ళద్దాలామె అద్దాలు తీసి చేతిలో పట్టుకుంది. ఒక్క మాట చెబితే చాలు, ఈ పిల్ల ఈ పగను ఇంటికి మోసుకెళ్ళదు. కానీ ఆ మాట చెబితే, గోడవార కూర్చునే ప్రతి ఆడదాని సంగతీ రేపటికల్లా వీధికెక్కుతుంది. తన సంగతీ ఎక్కుతుంది.

"పద తల్లీ, ఇంటి దగ్గర నీ కోసం చూస్తుంటారు," అన్నాడు.

"అంటే, అవునా కాదా?"

"ఆ మాట నన్నింకెప్పుడూ అడక్కు."

ఆమె అతని మొహంలోకి కాసేపు చూసి, తనకు కావలసిన జవాబు అందులో దొరికిందనుకుని వెళ్ళిపోయింది. అది తప్పు జవాబని అతనికి తెలుసు. పిలవలేదు.

"అన్నయ్యా," అంది వాగుడుకాయ. "ఆ రోజు వదిన కూడా మా చేత ఒట్టు..."

"నీక్కూడా అదే చెబుతున్నా. నా దగ్గర ఎత్తకు. ఎప్పుడూ."

ఆ తర్వాత అతను ఎన్నాళ్ళు బతికాడో అన్నాళ్ళూ ఆ గదికి వచ్చాడు, కుర్చీలు బాగుచేశాడు, ఎవరు అడిగినా, ఎలా అడిగినా, ఆ మాట మాత్రం ఎత్తలేదు.

ఆ సాయంత్రం పెద్దక్క కుర్చీ తిరగేసి, అరిగిన కాలికి అతుకు వేసి, మేకు దిగగొట్టి, మళ్ళీ నిలబెట్టాడు. చేత్తో అటూ ఇటూ నొక్కి చూశాడు. కదల్లేదు. పక్కన నేలమీద ఆ గుడ్డముక్క పడి ఉంది. మడతలు మడతల్లాగే బిగుసుకుపోయి ఉన్నాయి, మధ్యలో కుర్చీ కాలు చేసిన గుంట.