తెర పీకేశాక

నేను ఒక కంప్యూటర్ని. పాతదాన్ని అనండి, ఒప్పుకుంటాను. పనికిరానిదాన్ని అంటే మాత్రం ఊరుకోను. నన్ను మొదట ఒక కాలేజీ ల్యాబ్ కోసం బిగించారు. అక్కడి పిల్లలు నా దగ్గర ప్రోగ్రాములు నేర్చుకున్నది తక్కువ, పేకాట ఆడింది ఎక్కువ. తర్వాత ఒక శుభలేఖల షాపులో చేరాను. కోనసీమలో సగం పెళ్లిళ్ల కార్డులు నా చేతి మీదుగానే వెళ్లాయి. ఒక్కరంటే ఒక్కరు భోజనానికి పిలవలేదు! చివరికి ఆ షాపాయన కొత్తదాన్ని కొనుక్కుని, అమలాపురంలో సెల్‌ఫోన్లు బాగుచేసే తాతబ్బాయికి నన్ను ఊరికే ఇచ్చేశాడు. తాతబ్బాయి నన్ను బండి మీద కట్టి వాళ్లక్క సత్యవేణి ఇంటికి తెచ్చాడు.

సత్యవేణి హైస్కూల్లో తెలుగు టీచరు. పుట్టుకతోనే చూపు లేదు. ఆవిడ పద్యం ఎత్తుకుంటే వెనక బెంచీ కూడా నోరు మూసుకుని వింటుందట. అయినా పరీక్షకు ప్రశ్నాపత్రం తయారుచేసే పని మాత్రం ఆవిడకు ఎప్పుడూ ఇవ్వలేదు. "మీరు చెబితే ఇంకొకరు రాయాలి కదండీ టీచరుగారూ. రాసినవాళ్లకి తెలిస్తే ఊరికి తెలిసినట్టే" అనేవాడు హెడ్మాస్టరు. ఆ మాట ఆవిడకు ముల్లులా గుచ్చుకునేది. ఈసారి పట్టుబట్టింది. మూడో మనిషికి తెలియకుండా తనే టైపు చేసి ఇస్తానంది. శనివారంలోగా ఇస్తే సరే, లేకపోతే ఎప్పటిలాగే వేరేవాళ్లకి అన్నాడాయన.

అంటే శనివారంలోగా నేను మాట్లాడాలన్నమాట. ఆవిడ టైపు చేసిందల్లా పైకి చదివి వినిపించాలి.

నాలో ఉన్న పాత సాఫ్ట్‌వేర్ కళ్లు నులుముకుని లేచేసరికి కాఫీ చల్లారిపోయేది. దాన్ని తీసేసి, ఉచితంగా దొరికే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ వేద్దామన్నాడు తాతబ్బాయి. లినక్స్ అంటే ఒకటి కాదు, మామిడిపళ్లలా బోలెడు రకాలు. వాటినే డిస్ట్రోలంటారు. నాలాంటి పెద్దవాళ్ల కోసం తేలికపాటివి వేరే ఉంటాయి. "తేలికైంది చూసి వేస్తానక్కా, గుర్రంలా పరిగెడద్ది" అన్నాడు.

పెళ్లిచూపులకు వెళ్లి గోడల రంగు చూసి వచ్చినట్టుంది వాడి ఎంపిక. మొదటిది తెర మీద జలపాతం బొమ్మతో దిగింది. దాన్ని మోయలేక నా ఫ్యాను రొప్పింది, ఒక్కో మాటా నత్తినత్తిగా పలికాను. రెండోది ఇంకా తేలికట. బరువు తగ్గించే ఉత్సాహంలో దాన్ని చేసినవాళ్లు నా గొంతే కోసేశారు. "చూడ్డానికి ఎంత బాగుందో అక్కా!" అని మురిసిపోయాడు తాతబ్బాయి. ఆ మాట ఎవరితో అంటున్నాడో వాడికి తట్టనేలేదు. సత్యవేణి నవ్వి, ఇంకోటి చూడమంది. అప్పటికి శుక్రవారం వచ్చేసింది.

మూడోదానికి బొమ్మల్లేవు, నల్లటి తెర ఒకటే. సత్యవేణి ఒక వాక్యం టైపు చేసింది. అందులో తెలుగు ఫాంటు లేదు కాబోలు, అక్షరాలు రావలసిన చోట వరసగా ఖాళీ గళ్లు పడ్డాయి.

"ఛ! ఇదీ పనికిరాదక్కా. తీసేత్తన్నా" అంటూ వాడు స్విచ్చి మీద చెయ్యి వేశాడు. నాకు ఒళ్లు మండింది. వెంటనే స్పీకర్లో గొంతెత్తి, 'గోదావరి గురించి పది వాక్యాలు రాయండి' అని గణగణా చదివాను.

"ఆగరా! బాగానే చదువుతోందిగా, ఎందుకు తీసెయ్యడం?"

"అన్నీ గళ్లే అక్కా. ఒక్క అక్షరం కనపడితే ఒట్టు."

"కనపడకపోతే ఎవరికిరా నష్టం? నాకు వినపడుతోంది, చాలదా? అసలు ఆ తెర మనకెందుకు? పీకి అవతల పారెయ్!"

తాతబ్బాయి తెర వైరు పీకి, దాన్ని ఎత్తి పక్కన పెట్టాడు. ఈలోగా వీధి అరుగు మీద నుంచి, ట్యూషన్‌కొచ్చిన అమ్మాయి అరిచింది: "మేడమ్! గోదారి ఎక్కడ పుట్టిందో కూడా రాయాలాండీ?"

సత్యవేణి కడుపు పట్టుకుని నవ్వింది. ఆ ప్రశ్న చెరిపేసింది. తమ్ముడి చేత ఇయర్‌ఫోన్లు తెప్పించుకుని, వాడిని కూడా గది బయటకు పంపి తలుపు గడియపెట్టింది.

తెర పోయాక ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఇన్నేళ్లూ నా సత్తువంతా ఎవరి కళ్లకో బొమ్మలు గీయడానికే పోయింది. ఇప్పుడు ఆవిడ వేలు కదపడం ఆలస్యం, అక్షరం చెవిలో చెప్పేస్తున్నాను. కొత్త కంప్యూటర్లు వచ్చి పోటీకి నిలబడమనండి!

శనివారం హెడ్మాస్టరు తన గదిలో, తెలుగు ఫాంటు ఉన్న కంప్యూటర్లో పెన్‌డ్రైవ్ పెట్టుకుని చూస్తే, నా గళ్లన్నీ అక్కడ చక్కటి తెలుగు అక్షరాలై కూర్చున్నాయట. చదివి, వచ్చే పరీక్షకీ మీరేనండీ అన్నాడట. ఇంటికి రాగానే ఆవిడ ఆ మాట నాకు రెండుసార్లు చెప్పింది.

నా తెర ఇప్పుడు తాతబ్బాయి షాపులో క్రికెట్ చూపిస్తోంది. దారినపోయే ప్రతివాడూ దాన్ని చూస్తాడు. పరీక్షలు దగ్గరపడితే నా కిటికీ దగ్గరా పిల్లలు తచ్చాడుతుంటారు, మెడలు సాచి తొంగిచూస్తుంటారు. చూడనివ్వండి పాపం. నా దగ్గర చూడ్డానికేమీ లేదు, ఉన్నదంతా చెప్పడానికే. అదీ ఒక్క సత్యవేణికే.