పుట్టీ పెట్టిన బండి

జీపు మా ఇంటికి వచ్చిన రోజు నుంచి పెరటి వైపు కిటికీలు మూసే ఉంచాను. కత్తెర ఎండలు. వంటింట్లో ఉడికిపోయేదాన్ని, అయినా తెరవలేదు. తెరిస్తే కుళ్ళిన రొయ్యల కంపు లోపలికొచ్చి పోపు వాసనని కూడా మింగేసేది.

ఇరవై రెండేళ్ళ నాటి ఫోర్ వీల్ జీపు అది. సముద్రం ఒడ్డున రొయ్యల చెరువుల మీద మేత బస్తాలూ ఐసు పెట్టెలూ మోసి మోసి మూలపడింది. దాన్ని మా ఆయన దేవీప్రసాద్ కొనుక్కొచ్చారు. ఆయనది బెల్లం వ్యాపారం. పదడుగుల దూరం నుంచి బెల్లం దిమ్మ రంగు చూసి ఏ రకమో చెప్పేస్తారని మార్కెట్ యార్డులో పేరు. జీపుని కూడా అలాగే చూశారు. ఎర్రగా నిగనిగలాడుతోంది కదా అని తోలుకొచ్చేశారు.

బండి కిరణ్ కోసం. కిరణ్ మా అక్క కొడుకు. అక్క పోయాక మూడో తరగతి నుంచి మా ఇంట్లోనే పెరిగాడు. ఇప్పుడు అచ్యుతాపురం దగ్గర మందుల కంపెనీలో ఉద్యోగం. పెళ్ళయి ఏడాదిన్నర. వాడికీ వాడి భార్య పావనికీ రోడ్డు మీద లడాక్ దాకా వెళ్ళి రావాలని కోరిక. సెలవులు కూడబెట్టుకుని, విశాఖపట్నంలో ఎవరి దగ్గరో బండి అద్దెకి మాట్లాడుకుంటుంటే మా ఆయన అడ్డుపడ్డారు.

"నేనుండగా నీకు అద్దె బండేటిరా? మన బండిలో వెళ్ళు. లడాక్ దాకా అనకాపల్లి పేరు వినపడాల" అన్నారు.

కిరణ్ తల ఊపాడు. ఆయన మాటకి వాడు తల ఊపడమే తప్ప అడ్డంగా తిప్పడం నేనెప్పుడూ చూడలేదు.

మర్నాటి నుంచి మెకానిక్ తాతబ్బాయి మా పెరట్లో మకాం వేశాడు. సీట్లు పీకేసరికి కింద చేప పొలుసులు, ఎండిపోయిన రొయ్య మీసాలు, గుట్కా ప్యాకెట్లు, జిడ్డు కట్టిన తువ్వాలు ఒకటి. డాష్‌బోర్డు విప్పితే ఎలుక గూడు. అందులో వేలెడేసి పిల్లలు, సగం చచ్చి, సగం కదులుతూ, వాటి నిండా చీమలు. నేను గట్టు మీద కూర్చుని వాంతి చేసుకున్నాను. మా ఆయన నవ్వారు.

"ఎలుక పిల్లలకే ఇలా అయిపోతే ఎలాగే" అని, గేర్ ఆయిల్ పట్టడానికి గిన్నె కావాలంటూ వంటింట్లోకి వెళ్ళి, నేను పప్పు వండే గిన్నె తెచ్చి తాతబ్బాయి చేతికిచ్చారు. తాతబ్బాయి దాన్ని తిప్పి చూసి, "ఇది వంట గిన్నె కాదేటండి?" అన్నాడు. "తోముతాదిలే" అన్నారు ఈయన. ఆ గిన్నె నేను మళ్ళీ ముట్టుకోలేదు.

సాయంత్రాలు ఆయన స్నేహితుడు త్రినాధరావు వచ్చేవాడు. జీపు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, టైరుని చెప్పుకాలితో ఒక తన్ను తన్ని, "బావా, బండి కాదు ఏనుగనుకో" అని, కుర్చీలో కూర్చుని ఉల్లిపకోడీ ప్లేటు ఖాళీ చేసేవాడు. నూనె వేళ్ళు మా కుర్చీ చేతికే తుడిచేవాడు. బండిని జెండా ఊపి సాగనంపాలని ఐడియా ఇచ్చింది త్రినాధరావే. రోహిణి కార్తెలో మంచి రోజు చూసి ముహూర్తం పెట్టించారు. ఫ్లెక్సీలు కొట్టించారు. 'శ్రీ దేవీప్రసాద్ గారి లడాక్ యాత్ర' అని రాసి, నిలువెత్తున మా ఆయన బొమ్మ వేశారు. వెళ్ళే పిల్లలిద్దరూ కింద మూల స్టాంపు బిళ్ళంత ఉన్నారు.

నిజంగా పని చేసింది తాతబ్బాయీ పావనీ. కిరణ్ ఆదివారాలు వచ్చి పైన క్యారియర్ బిగించాడు, డీజిల్ డబ్బాలు కట్టే పట్టీలు కుట్టించాడు. పావని మాత్రం వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి నేర్చుకుని వెళ్ళేది. వెనక చెక్క మంచం వేయిస్తే, తను పడుకుని కాళ్ళు చాపి చూసుకుని, నాలుగు అంగుళాలు పెంచమంది. మందుల పెట్టె, నీళ్ళ ట్యాంకు, చిన్న స్టవ్వు, దేని చోటు దానికి. ముందు చక్రాలకి కూడా ఇంజను లాగుడు ఎప్పుడు అందాలి, ఏ గేరులో అందాలి, తాతబ్బాయిని అడిగి రాసుకుంది. ఒక మధ్యాహ్నం ఒక్కతే జాకీ పెట్టి చక్రం మార్చింది. చేతులు కడుక్కోవడానికి వచ్చినప్పుడు, "అత్తయ్యా, అక్కడ గాలి పల్చగా ఉంటదంట. రెండడుగులేసినా ఆయాసం వత్తదంట. నేను రోజూ డాబా మెట్లు ఎక్కి దిగుతున్నాను" అంది. ఆ పిల్ల వెళ్ళి రావాలని నాకు గట్టిగా అనిపించింది. నేను ఇక్కడికి దగ్గర్లోని మాడుగుల దాటి ఎక్కడికీ వెళ్ళినదాన్ని కాదు.

ముహూర్తం తొమ్మిది రోజులుందనగా, తాతబ్బాయి బండి అడుగు భాగం నీళ్ళు కొట్టి కడిగాడు. నల్లటి మడ్డి పెచ్చులు పెచ్చులుగా రాలింది. కాసేపటికి కింద నుంచి బయటికొచ్చి, "అమ్మగారూ, షావుకారు గారిని ఓపాలి పిలండి" అన్నాడు.

నేనూ వంగి చూశాను. వెనక చక్రం పక్కన ఇనప దూలంలా ఉన్నదాంట్లోకి వాడు స్క్రూడ్రైవర్ నొక్కితే, ముగ్గిన పండులోకి దిగినట్టు దిగిపోయింది. లోపల నుంచి ఎర్రటి పొడి, చెమ్మ, ఒక జెర్రి పడ్డాయి.

"ఇది సాసీ అండి. బండంతా దీన్మీదే కూకుంటాది. ఉప్పునీళ్ళు తినేసినాయి. రెండు పక్కలా ఇంతే."

"ఇప్పుడేటంటావు?" అన్నారు మా ఆయన.

"బాడీ లేపేసి, పాడైన మేర కోసీసి, కొత్త ముక్కలు వెల్డింగ్ సేయాల. ఇరవై రోజులు పట్టుద్ది."

"ముహూర్తం తొమ్మిది రోజులుందిరా."

"ముహూర్తం మారిత్తే సరండి."

"నీకేం, మార్చీమంటావు. ఫ్లెక్సీలు కట్టేసేం. ఇలాగే వెళ్తే ఏటవుతాది?"

"మన బజార్లో తిరిగితే ఏటీ అవదండి. లోడెట్టి కొండ రోడ్డు ఎక్కితే ఎనక సక్రాల్ని పట్టుకున్న కమాను ఊడొచ్చేత్తాది. ఆ తరవాత స్టీరింగు మన మాట ఇనదు."

మా ఆయన లుంగీ ఎగ్గట్టి, తొడ గోక్కుంటూ కాసేపు ఆలోచించారు. "పుట్టీ పెట్టి నల్లరంగు కొట్టీ. పిల్లలు వచ్చేక తీరుబడిగా కోద్దాం."

తాతబ్బాయి చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "ఆ రంగు నాను కొట్టనండి. ఇంకోల్ని సూసుకోండి" అని సామాను సంచిలో వేసుకున్నాడు. నేను గేటు దాకా వెనకాలే వెళ్ళి, "కిరణ్‌కి చెప్పొచ్చు కదా" అన్నాను. "మీరు ఇంట్లో మనిసి. మీరే సెప్పండమ్మా. నాను సెప్తే పని పెంచుకోడానికంటారు" అన్నాడు. తప్పేముంది వాడిది.

మర్నాడు ఎవరో రంగులవాడు వచ్చి ఒక్క పూటలో పని ముగించాడు. అడుగు భాగం కొత్త పెనంలా నల్లగా తయారైంది.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర అన్నాను, "అది పిల్లలు ఎక్కే బండండీ."

ఆయన మామిడి టెంక చీకుతున్నారు. రసం మోచేతి దాకా కారుతోంది. "తాతబ్బాయిగాడు అలాగే భయపెడతాడు. రోడ్ల మీద ఇంతకన్నా పాత బళ్ళు తిరగట్లేదేటి?"

"స్క్రూడ్రైవర్ దిగిపోవడం మీరు కళ్ళారా చూసేరు."

"చూసేను. ఇప్పుడు కనపడుతోందా? రంగు చూసే కదే ఎవడైనా వేలంపాట పాడేది. దిమ్మ పగలగొట్టి లోపలెవడు చూత్తాడు?" అని, మోచేయి నాకి, పళ్ళ సందులోంచి పీచు లాగి కంచం పక్కన పెట్టారు.

నాకు అసహ్యం వేసింది. ఆ పీచుకి కాదు. ఆ మాట నాకు కొత్తది కాదు, అందుకు. నల్లబెల్లానికి ధర పలకదని పాకంలో మందు కలిపి ఎర్రగా మెరిపిస్తారు. మా కొట్టు నుంచి లారీలెక్కేది ఎక్కువగా అదే. మా ఇంట్లో వాడకానికి మాత్రం మందు వెయ్యని నల్లబెల్లం కె. కోటపాడు నుంచి విడిగా వస్తుంది. పెళ్ళయిన దగ్గర నుంచి ఆ నల్లబెల్లంతోనే పాయసం వండుతున్నాను. ఎర్రది ఎవరి పిల్లలు తింటున్నారని ఒక్కసారీ అడగలేదు. అవతలి వాళ్ళ పిల్లలు కదా.

ఇప్పుడు మా పిల్లాడు. అందుకే నాకు ఇంత అసహ్యం వేస్తోందని తెలిసి, నా మీద నాకే ఇంకొంచెం వేసింది.

కిరణ్‌కి ఫోన్ చేశాను. మొత్తం చెప్పనివ్వలేదు వాడు.

"బాబాయ్ చెప్పేరు పిన్నీ. కొంచెం తుప్పు పట్టిందంట, రంగేయించేరంట కదా."

"కొంచెం కాదురా. వేలు పెడితే దిగిపోతోంది."

"ఇంత చేసేక ఇప్పుడు వద్దంటే ఆయన చిన్నబుచ్చుకుంటారు. అందర్నీ పిలిచేసేరు. నెమ్మదిగా నడుపుతాలే పిన్నీ."

"పావనికి తెలుసా?"

"దానికి చెప్తే పెద్ద గొడవ చేత్తాది. నువ్వు చెప్పకు" అని పెట్టేశాడు.

ఫోన్ పట్టుకుని అలాగే నిలబడ్డాను. తల్లి పోయి మా గడపలోకి వచ్చిన ఎనిమిదేళ్ళ పిల్లాడికి నేను మొదట నేర్పిన సంగతి, 'బాబాయ్ మాటకి ఎదురు చెప్పకు' అని. వాడు ఉండాల్సింది ఈ ఇంట్లోనే కదా అని నేర్పాను. బాగా నేర్చుకున్నాడు. ఇప్పుడు పెళ్ళాన్ని కూడా ఎక్కించుకుని ఆ నేర్చుకున్న దానిమీద కొండలెక్కుతాడట.

ముహూర్తం రోజు పొద్దున్న ఏడున్నరకి జీపు ఇంటి ముందు రోడ్డు మీద నిలబడింది. బంతిపూల దండ, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు. పంతులుగారు గుమ్మడికాయ మీద కర్పూరం పెట్టి సిద్ధంగా ఉన్నారు. తెల్ల చొక్కాల వర్తకులు పదిహేను మంది మా వసారాలో ఉప్మా తిని, విస్తళ్ళు చెత్తతొట్టెలో వెయ్యకుండా నా తులసి కుండీ పక్కన కుప్ప పెట్టారు. త్రినాధరావు పచ్చజెండాతో వీపు గోక్కుంటున్నాడు.

పావని ఫ్లాస్కులో వేడినీళ్ళు పోసుకోవడానికి వంటింట్లోకి వచ్చింది. జీన్స్, బూట్లు. మొహం వెలిగిపోతోంది. ఆ వెలుగు చూస్తూనే వంటింటి తలుపు దగ్గరికి వేశాను. తరవాత చెప్పేశాను. తాతబ్బాయి చూపించింది, ఆయన అన్నది, రంగులవాడు చేసింది. కిరణ్‌కి సంగతి తెలుసని కూడా.

పావని ఫ్లాస్కు మూత బిగించి గట్టు మీద పెట్టింది. "ఏ పక్కన అత్తయ్యా?"

"రెండు పక్కలా. వెనక చక్రం దగ్గర."

అంతే. బయటికి వెళ్ళి, టూల్ బ్యాగులోంచి చక్రాల స్పానర్ తీసుకుని, జనం మధ్యలోనే రోడ్డు మీద వెల్లకిలా పడుకుని జీపు కిందకి దూరింది. పంతులుగారు మంత్రం ఆపారు. ఠంగుమని రెండు దెబ్బలు వినిపించాయి. మూడో దెబ్బకి మోత లేదు, మెత్తగా ఏదో విరిగింది. నల్లరంగుతో సహా అరచెయ్యంత పుట్టీ పెచ్చు రోడ్డు మీద పడింది, దాని వెనకాలే ఎర్రపొడి ధారగా.

పావని లేచి నిలబడింది. జుట్టు నిండా తుప్పు. "కిరణ్, నువ్వు పడుకుని చూడు" అంది.

"ఆడపిల్లవి, ముహూర్తం వేళ ఇవేం పనులమ్మా" అని నవ్వారు మా ఆయన. చుట్టూ ఉన్నవాళ్ళ వైపు తిరిగి, "ఈ కాలం పిల్లలు, అన్నీ వీళ్ళకే తెలుసు" అన్నారు. కొందరు నవ్వారు.

కిరణ్ బాబాయ్ వైపు చూశాడు. అక్కడ నుంచి నా వైపు. ఇరవై ఏళ్ళుగా వాడు అలా చూసినప్పుడల్లా ఊరుకోమని కళ్ళతో సైగ చేసేదాన్ని.

"పడుకుని చూడరా" అన్నాను.

వాడు ఇస్త్రీ చొక్కాతోనే కిందకి వెళ్ళాడు. బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చాక జీపు పైకెక్కి డీజిల్ డబ్బాల పట్టీలు విప్పడం మొదలుపెట్టాడు. పావని కింద నుంచి ఒక్కొక్కటే అందుకుంది.

త్రినాధరావు జెండా చుట్టి చంకలో పెట్టుకున్నాడు. "బావా, పోనీ ఆ చివరి దాకా తోలి వెనక్కి తెచ్చీమను. ఫొటో అయిపోద్ది" అన్నాడు. ఎవరూ కదల్లేదు. పంతులుగారు కర్పూరం ఆర్పేశారు. పదిన్నరకి పిల్లలిద్దరూ సామాను ఆటోలో వేసుకుని వెళ్ళిపోయారు. వెళ్తూ పావని నా చెయ్యి పట్టుకుని వదిలింది. కిరణ్ నన్ను చూడలేదు.

మా ఆయన నాతో ఒకే ఒక్క మాటన్నారు. "పదిమందిలో నా మొహాన పేడ కొట్టేవు." గదిలోకి వెళ్ళి పడుకున్నారు. సిగ్గుపడ్డారేమో అనుకున్నాను. మనిషన్నాక ఎక్కడో ఒకచోట తగలాలి కదా అనుకున్నాను.

సాయంత్రం లేచి, కాఫీ అడిగి, చప్పుడు చేస్తూ తాగి, వసారాలో కూర్చుని ఫోన్ చేస్తున్నారు. నేను విస్తళ్ళు ఏరుతున్నాను, మాటలు స్పష్టంగా వినపడుతున్నాయి.

"లడాక్ వెళ్ళడానికని రెడీ చేయించిన బండండి. టైర్లన్నీ కొత్తవి, వెనక మంచం కూడా వేయించేం. మా పిల్లలకి సెలవు దొరక్క ఆగిపోయింది... అడుగంతా మొన్ననే రంగేయించేను. మీరొచ్చి చూసుకోండి. అరకు తిప్పడానికి మీకు సరిపోతాది, పదిమంది టూరిస్టులు హాయిగా కూర్చుంటారు... ఎల్లుండా? రండి, రండి."

అటుపక్క వాళ్ళెవరో నాకు తెలీదు. పదిమంది అన్నారు. పెరట్లోకి వెళ్ళి తాతబ్బాయికి ఫోన్ చేశాను.

"నీ దగ్గర ఇనుము కోసే గ్యాస్ కట్టర్ ఉందా?"

"ఉన్నాదమ్మా. సాసీ సేయిత్తన్నారేటి?"

"చేయించట్లేదు. బండి కొయ్యాలి. అడ్డంగా, రెండు ముక్కలు."

వాడు గొంతు తగ్గించి అడిగాడు, "షావుకారు గారు ఉంటారా?"

"రేపు పొద్దున్న ఆరింటికి యార్డుకి వెళ్ళిపోతారు. నువ్వు ఆరున్నరకి రా" అన్నాను.