ముందు నాది కలిపాను

మా ఇంట్లో స్నానాల గది ఒక్కటే. దానికో వరస ఉంది. ముందు మామగారు, తర్వాత మా ఆయన, ఆ తర్వాత పిల్లలు, అత్తగారు. నా వంతు వచ్చేసరికి వేడినీళ్ళుండవు. నేలంతా తడి, సబ్బు నురగ, మూలకి విసిరేసిన తువ్వాళ్ళు. చివర వెళ్ళినవాళ్ళే కదా తుడిచి రావాలి! ఒకరోజు ముందు నేను వెళ్తానన్నాను. "వాళ్ళకి ఆలస్యమైతే రోజంతా చిరాకమ్మా. నువ్వంటే ఎలాగోలా సర్దుకుంటావు" అన్నారు అత్తగారు. మా ఆయన ఫోన్లోంచి తలెత్తకుండా "నీకేం తొందర?" అన్నాడు. నాకూ ఆఫీసుంది మహానుభావా! ఆయన ఎక్కే బస్సే నేనూ ఎక్కుతాను.

ఆఫీసులోనూ ఇదే వరస. మేం ఆసుపత్రులకి అపాయింట్‌మెంట్ల సాఫ్ట్‌వేర్ రాస్తాం. ఎవరి కోడ్ వాళ్ళు బ్రాంచ్ అనే తమ విడి ప్రతిలో రాసుకుని, అయ్యాక అందరికీ ఉమ్మడిదైన మెయిన్‌లో కలపాలి. ముందు కలిపినవాళ్ళకి ఏ తంటా లేదు. ఒకే లైన్‌ని ఇద్దరు మార్చి ఉంటే, తర్వాత వచ్చినవాళ్ళని, ఈ కలపడాలన్నీ చూసుకునే గిట్ అనే సాఫ్ట్‌వేర్ ఆపేస్తుంది. ఏది ఉంచాలో ఏది తీయాలో తేల్చుకుని రమ్మంటుంది. అంటే ఇక్కడా చివరివాళ్ళకే తుడుపు పని. ఆ చివరి మనిషిని మొదటి రోజు నుంచీ నేనే. "నీకు ఓపికెక్కువమ్మా" అంటాడు మా టీమ్ లీడ్. ఓపిక నాకు పుట్టుమచ్చ కాదు. అందరూ కలిసి రుద్దిన మసి.

డాక్టరు సెలవు పెడితే రోగులని వేరే డాక్టరుకి మార్చే భాగం నేను రాశాను. పోయిన రిలీజ్‌కే సిద్ధం. మిగతావాళ్ళ చిక్కులు విప్పుతూ కూర్చున్నాను, గడువు దాటింది. వాళ్ళవి వెళ్ళాయి, నాది గుమ్మం బయటే ఉండిపోయింది. పైగా ప్రమోషన్ల మాటొచ్చినప్పుడు ఆ పెద్దమనిషే "నీ పేరు మీద పెద్దగా ఏం కనబడట్లేదమ్మా" అన్నాడు.

ఇవాళ మళ్ళీ రిలీజ్. "తుఫానుది ముందు కలపనీ, తర్వాత నాది. నీది చివర్లో వేసుకో" అన్నాడు లీడ్. "ఈసారీ కాకపోతే ఆ పని తుఫానుకిచ్చేద్దాం. ఊరికే నానుతోంది."

తుఫానంటే నా పక్క సీటతను. వెనకా ముందూ చూడకుండా రాసుకుపోతాడని అందరం అలాగే పిలుస్తాం. "టీ తాగొచ్చి కలిపేస్తానక్కా, కాస్త ఆగు" అని లేచి వెళ్ళాడు.

నా తెర మీద, కోడ్‌ని మెయిన్‌లో కలిపే ఆకుపచ్చ బటన్ వెలుగుతోంది. టెస్టులన్నీ పాసయ్యాయి. లీడే చదివి సరేనన్నాడు. మరి దేనికాగాను? ఎవరి తర్వాత వచ్చావని గిట్ నన్ను అడగలేదే! ఆ వరస యంత్రంలో లేదు. నాలో పెట్టారు. నొక్కాను. కలిసిపోయింది. ఇన్నాళ్ళూ నేను భయపడింది ఇంత చిన్న పనికా?

తుఫాను టీ తాగొచ్చాడు. "అక్కా! నాది కలవట్లేదు. నీ లైన్లు అడ్డమొస్తున్నాయి!"

లీడ్ పరుగున వచ్చాడు. "నిన్ను ముందు ఎవరు కలపమన్నారు? నీది వెనక్కి తీసెయ్, మావి పడ్డాక పెట్టుకుందువు."

"తియ్యను సార్."

"ఏంటీ?"

"తియ్యనన్నాను. కావాలంటే మీరే తీయండి. కారణం రాయాలి, టీమంతా చదువుతారు. ఏమని రాస్తారు? ఆవిడ ముందొచ్చిందనా?"

ఆయన కీబోర్డు ముందు కూర్చున్నాడు. కారణం రాయాల్సిన పెట్టె ఖాళీగా తెరుచుకుని ఉంది. వేళ్ళు అక్షరాల మీద కాసేపు ఆడాయి. ఒక్కటీ నొక్కలేదు. పెట్టె మూసేశాడు.

"సరే, కానీ. ఈ చిక్కేదో నువ్వే కాస్త విప్పిపెట్టు తల్లీ" అన్నాడు, గొంతు మార్చి.

"నేర్పమంటే నేర్పుతాను. చెయ్యను."

ఇద్దరు మగాళ్ళు ఒకే తెర ముందు కుర్చీలు లాక్కుని ఇరుక్కుని కూర్చున్నారు.

"ఇది ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?" అన్నాడు లీడ్. ఏళ్ళ తరబడి మాకు లీడ్!

"మొదటి లైన్ నుంచి సార్" అన్నాను, బ్యాగు భుజానికి తగిలించుకుంటూ.