షెడ్డులో చేసిన మోకాలు

మా ఆయన సుందరరాజు ముప్ఫయ్యారేళ్లు పోస్టాఫీసులో ఉత్తరాల మీద ముద్రలు గుద్దారు. రిటైరైన మూడో నెలలో, ఒక మంగళవారం పొద్దున, ట్రాలీ ఆటోలో రెండున్నర క్వింటాళ్ల ఇనుము ఇంటికి తీసుకొచ్చారు. దాన్ని మిల్లింగ్ మిషన్ అంటారట. విజయవాడలో ఎవరో వర్క్‌షాపు మూసేస్తూ అమ్మేశారట. నలుగురు మనుషులు కింద పైపులు వేసి దొర్లించుకుంటూ దాన్ని స్కూటర్ షెడ్డులోకి చేర్చారు. స్కూటరు వేపచెట్టు కిందికి పోయింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"గోడకి మేకు కొట్టమంటే వేలు వాయగొట్టుకుంటారు. మీకెందుకండీ ఇది?" అన్నాను.

"నీ మోకాలి కోసం," అన్నారు ఆయన.

నా ఎడమ కాలికి పోలియో. మూడో ఏట వచ్చింది. అప్పటి నుంచీ కాలిపర్ వేసుకుని నడుస్తున్నాను. కాలికి రెండు పక్కలా ఉక్కు పట్టీలు, తొడకి తోలు బెల్టు. మోకాలి దగ్గర ఒక్కో పట్టీకి ఒక్కో కీలు. కూర్చున్నప్పుడు ఆ కీళ్లు మడుచుకోవాలి, నిలబడినప్పుడు బిగుసుకోవాలి. అందుకే ప్రతి కీలుకూ ఒక చిన్న ఉక్కు కడియం ఉంటుంది. లేచి నిలబడగానే అది జారి కీలు మీద కూర్చుని కదలనివ్వదు. నేను పడిపోకుండా నిలబడటమన్నది ఆ కడియాల దయ.

ఫిబ్రవరిలో ఒక రోజు, అరిగిపోయిన కీలు మీదికి కడియం జారలేదు. తొమ్మిదో తరగతిలో వృత్తాల పాఠం చెబుతూ బోర్డు ముందే కూలిపోయాను. నలభై మంది పిల్లలూ ఒక్కసారి లేచి నిలబడ్డారు. ఒక్కరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది, నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని.

ఇన్నేళ్లూ నాకు కాలిపర్ చేసిపెట్టిన పెద్దాయన పోయారు. కొత్తరకం ప్లాస్టిక్‌ది తొడుక్కుంటే చర్మం ఊడొచ్చింది. మా ఊళ్లో వెల్డింగ్ చేయిస్తే వారానికే విరిగింది. మా హెడ్మాస్టర్ గారు మంచి మనిషి. "జూన్ నుంచి కుర్చీలో కూర్చునే చెప్పండి మేడమ్. బోర్డు మీద పిల్లలతో రాయించండి," అన్నారు. మంచివాళ్లతో ఇదే చిక్కు, కోప్పడటానికి వీలుండదు. లెక్కలు కూర్చుని చెప్పేవి కావు. నిలబడి, చెయ్యెత్తి, బోర్డు ఆ చివరి నుంచి ఈ చివరిదాకా గీత లాగాలి. నా సర్వీసు ఇంకా ఆరేళ్లుంది. బడి జూన్ పన్నెండున తెరుస్తారు. ఆలోపు కీళ్లు రాకపోతే ఆరేళ్లూ ఆ కుర్చీయే.

ఏప్రిల్ అంతా అల్యూమినియం ముక్కల మీద సాధనతోనే గడిచింది. మిషన్‌లో పైన కట్టర్ గిరగిరా తిరుగుతుంది. కింద బల్ల మీద వైసులో ముక్కను బిగించి, చక్రాలు తిప్పుతూ దాన్ని కట్టర్ దగ్గరికి నడపాలి. మొదటి రోజు మా ఆయన మహా ఉత్సాహంగా చక్రం తిప్పారు. కట్టర్ ఠప్పున విరిగి పైరేకుకు తగిలింది. రెండో రోజు ఇంకోటి విరిగింది. మూడో రోజు వినగడప నుంచి వీరరాఘవయ్య గారు బస్సెక్కి వచ్చారు. ఐటీఐలో ఇదే పని నేర్పి రిటైరైన మనిషి, మా ఆయనకు పోస్టాఫీసు పరిచయం.

"రాజు గారూ, ఇది ముద్ర గుద్దటం కాదండి," అన్నారాయన. "చెవి పెట్టి వినండి. కీచుమంటే దానికి ఇష్టం లేదని అర్థం. ఎక్కువ తినిపిస్తున్నారు."

తరవాత సంచిలోంచి డయల్ గేజ్ తీశారు. గడియారంలా ఉంటుంది. మిల్లీమీటరులో నూరో వంతు తేడా వచ్చినా ముల్లు చూపిస్తుంది. దాన్ని మిషన్‌కు ఆనించి పెట్టి నన్ను పిలిచారు.

"మేడమ్, ఆ స్తంభాన్ని బొటనవేలితో ఒకసారి నొక్కండి."

అది నా నడుమంత లావు పోత ఇనుము. ఏదో వేళాకోళం అనుకుని నొక్కాను. ముల్లు కదిలింది. వేలు తీశాను, వెనక్కి వచ్చింది. మళ్లీ నొక్కాను, మళ్లీ కదిలింది.

"ఇనుము వంగుతుందా అండీ, వేలికి?"

"వంగుద్దండి. ఎంత వంగుద్దో తెలుసుకుని కొయ్యాలి. పనంతా అదే."

యాభై ఏళ్లకు పైగా ఇనుము మీద ఆనుకుని నడిచినదాన్ని. అడుగడుగునా నా బరువుకు అది వంగి, మళ్లీ తిన్నగా లేస్తూ వచ్చిందని నాకు ఎవరూ చెప్పలేదు. ఆ రోజు అన్నం సయించలేదు. పదిసార్లు షెడ్డులోకి వెళ్లి ఆ స్తంభాన్ని నొక్కి చూసి వచ్చాను. మా ఆయనకు కనిపించకుండానే అనుకోండి.

మే నెల మధ్యలో ఆయన ఉక్కు మీదికి వచ్చారు. అగ్గిపెట్టంత ముక్కను ఆరు వైపులా కోసి, మూలమట్టం ఆనించి, కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టుకుని చూపించారు.

"సందులోంచి వెలుతురేమన్నా కనిపిస్తోందా, గ్లోరీ?"

కనిపించలేదు. ఇంకో మూలకు తిప్పి చూశాను. అక్కడా లేదు. వెంట్రుకంత వెలుగు కూడా దూరలేదు. ఇరవయ్యేడేళ్లుగా బోర్డు మీద రెండు గీతలు గీసి, మూలన చిన్న చతురస్రం పెట్టి, ఇది తొంభై డిగ్రీలు అని చెబుతున్నాను. ఆ సుద్దగీతలు ఎంత వంకరో నాకు తెలుసు. అసలు అలాంటిది పుస్తకంలో తప్ప ఎక్కడా ఉండదని నేను లోపల్లోపల నమ్మేదాన్నని అప్పుడు తెలిసింది. ఇప్పుడది నా అరచేతిలో ఉంది, ఇంకా వెచ్చగా ఉంది. కళ్లల్లో నీళ్లు తిరిగితే కటింగ్ ఆయిల్ పొగ అని చెప్పాను.

కీలు బొమ్మ నేనే గీశాను. పాత కీలులో అరగని చోట్లు కొలిచి, అరిగినచోట మొదట ఎంతుండేదో లెక్కగట్టి, గ్రాఫు కాగితం మీద మూడు వైపుల నుంచీ గీశాను. కింద 'ఇలాంటివి రెండు' అని రాసి, పెద్ద ఇంజనీరులా సంతకం కూడా పెట్టాను. ఆయనకు పన్నెండు రోజులు పట్టింది. జూన్ మూడున రెండు కీళ్లూ గుడ్డ మీద పరిచి పెడితే అచ్చం కవలపిల్లలే. వీరరాఘవయ్య గారు గోరుతో తడిమి చూసి తలూపారు. కాలిపరుకు తాత్కాలికంగా బిగించి మడిచాం.

లోపలి వైపు కీలు మోకాలిలాగే వెనక్కి మడుచుకుంది. బయటి వైపుది కొంగ కాలులా ముందుకు మడుచుకుంది. రెండూ కలిసి ఎటూ మడుచుకోలేదు.

ముందు నాకే అర్థమైంది. కుడి చెప్పూ ఎడమ చెప్పూ ఒకేలా ఉండవు. ఒక కీలు రెండోదానికి అద్దంలో బొమ్మలా ఉండాలి. ప్రతిబింబాల పాఠానికి పిల్లలను అద్దం ముందు నిలబెట్టి మరీ చెప్పేదాన్ని. అలాంటి నేను ఒక్కటే గీసి, రెండని రాసి, సంతకం పెట్టాను.

"తప్పు నాదండీ," అన్నాను.

"కాగితం నీది. కోసింది నేనేగా. పన్నెండు రోజులు చూస్తూ కోశాను, నాకూ తట్టలేదు."

ఒక్క మాట అన్నా నాకు తేలికయ్యేది. ఆయన చేతులు కడుక్కొచ్చి, మామిడిపండు కోసి నా ముందు పెట్టారు. పళ్లెం పక్కకు నెట్టేశాను. తొమ్మిది రోజులే ఉన్నాయి. ఆ రకం ఉక్కు ఒక్క ముక్కే మిగిలింది.

మర్నాడు ఎత్తు స్టూలు వేసుకుని మిషన్ ముందు నేనే కూర్చున్నాను. అంతకు ముందు అద్దం పెట్టి చూసుకుంటూ కొత్త బొమ్మ గీశాను. మా ఆయన ముక్కను బిగించి, గేజ్‌తో సరిచూసి పక్కకు జరిగారు.

"మెల్లగా తిప్పు. చెవి అటు పెట్టు," అన్నారు, అంతా తనకు పుట్టుకతో వచ్చినట్టు.

కట్టర్ ఉక్కును తాకింది. ఆ వణుకు చక్రంలోంచి నా అరచేతిలోకి, అక్కడి నుంచి మోచేతికి పాకింది. ఉక్కు రజను చిన్నచిన్న చుట్టలుగా, నీలం రంగు తిరిగి రాలింది. కట్టర్ నడిచిన దారిలో లోపలి ఉక్కు తెల్లగా బయటపడింది. కొలిమిలో కరిగి గట్టిపడిన నాటి నుంచి ఆ ముఖాన్ని ఎవరూ చూడలేదు. మొదట చూసింది నేను. చర్చిలో మోకరించలేని మనిషిని నేను, ఆ కాలు ఒప్పుకోదు. ఆ స్టూలు మీద కూర్చునే ప్రార్థనలో ఉన్నట్టు ఉండిపోయాను. మా ఆయన నా వెనక నిలబడి ఊపిరి కూడా చప్పుడు కాకుండా పీల్చారు.

అలా నాలుగు రోజులు. వీరరాఘవయ్య గారు వచ్చి కీళ్లను పాత పట్టీలకు రివెట్లు వేసి బిగించారు. మా ఆయన నన్ను తొడుక్కోనివ్వలేదు. కాలిపరును షెడ్డులో నిలువుగా కట్టి, మీద సిమెంటు బస్తా మోపి, రోజంతా పక్కనే కాపలా కూర్చున్నారు.

జూన్ పదిన పొద్దున్నే వరండాలో తొడుక్కుని, స్తంభం పట్టుకుని లేచాను. కడియాలు జారాయి. ఒకటే చప్పుడు. ఇన్నేళ్లూ నేను విన్నది రెండు చప్పుళ్లు, ముందొకటి, తరవాతొకటి. రెండు కడియాలు ఒక్క క్షణంలో పడగలవని నాకు తెలియదు. అడుగు కదపకుండా అలాగే నిలబడిపోయాను.

ఆయన నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"చెయ్యి తియ్యండి," అన్నాను.

"పడితే?"

"పడితే నేను కోసిన కీలు వల్ల పడతాను. మిమ్మల్ని ఏమీ అనను."

చెయ్యి తీశారు. వరండాలోని ప్లాస్టిక్ కుర్చీ ఎత్తుకుని నా వెనకాలే బయల్దేరారు, ఎక్కడ తూలితే అక్కడ వేద్దామని. గేటు దాటాను. గోడ అయిపోయింది, పట్టుకోవటానికి ఇంకేమీ లేదు. ఒక అడుగు వేశాను, ఇంకొకటి వేశాను. కాలు నాదనిపించింది అంటే అబద్ధం, అది ఎప్పుడూ నాదే. మొదటిసారి ఉక్కు నాదనిపించింది. అడుగు పడ్డప్పుడల్లా అది గేజ్ ముల్లుకు మాత్రమే తెలిసేంత వంగి, నన్ను మోసి, మళ్లీ తిన్నగా లేస్తోందని నాకు తెలుసు. ఎంత భయం ఉండాలో అంతా ఉంది. దాన్ని మించిన ఆశ్చర్యం ఉంది.

వీధి చివర కిరాణా కొట్టు దగ్గర ఆగాను. ఏమీ పట్టుకోకుండా, కుడి చెయ్యి తల మీదికి ఎత్తి, గాలిలో ఆ చివరి నుంచి ఈ చివరికి ఒక పొడుగాటి గీత లాగాను. ఒళ్లు తూలలేదు. చూశారా అని అడగటానికి వెనక్కి తిరిగాను.

మా ఆయన వీధి మధ్యలో ఆ కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు. వెనకాల ఒక ఆటో ఆగి హారన్ కొడుతోంది.

"లేవండి, దారికడ్డం," అని కేకేశాను.

"కాసేపు ఆగు గ్లోరీ. కాళ్లు నిలబడట్లేదు నాకు," అన్నారు.

నేను వెనక్కి నడిచి వెళ్లి, చెయ్యి ఇచ్చి ఆయన్ని లేపాను.